వినబడని ఒప్పుకోలు

"ఇది క్యాసెట్టుది, తొమ్మిదొందల యాభై. ఇది క్యాసెట్టు లేనిది, రెండువేల రెండొందలు," అంటూ షాపతను ధనుంజయ్ రెండు రికార్డర్లనూ గాజుబల్ల మీద పెట్టాడు.

పలాస బజారులో ఎండ మండిపోతోంది. పొద్దున్నించి పని మానుకుని వచ్చిన నూకరత్నం, జీడి రసానికి నల్లబడి పగిలిన తన వేళ్లతో వాటిని ముట్టుకోవచ్చో లేదో తెలియక చేతులు వెనక్కి పెట్టుకుంది. జీడిపప్పు మీది పొర తీస్తే కిలోకి ఏడు రూపాయలు. ఎంత గబగబా తీసినా రోజుకు యాభై దాటదు. ఆమె రొంటిన ఉన్న రెండువేల రెండొందలూ షెడ్డులో పనిచేసే ఇరవై రెండుమంది ఆడవాళ్లు తలా రెండు రోజుల కూలి తీసి ఇచ్చినవి.

బేరానికి తోడొచ్చిన ఇందుమతి పదో తరగతి దాకా చదివింది. "క్యాసెట్టయితే అయిపోయినప్పుడు సప్పుడవుతాదా?" అని అడిగింది.

"టక్కుమంటాది. అరగంటకోసారి తిప్పీయాల."

"అయితే అదొద్దు. రవికలో టక్కుమంటే మా బతుకు అక్కడికే సరి."

ధనుంజయ్ నవ్వాడు. "ఏటి, మొగుణ్ణి పట్టుకోడానికా?"

"మొగుడికి రెండువేలెందుకు తమ్ముడా, సీపురుకట్ట సాలదేటి?"

 అతను చిన్న దువ్వెనంత ఉన్న ఆ క్యాసెట్టు లేని రికార్డరులో మీట నొక్కితే వచ్చే చప్పుడును ఎలా ఆపాలో చూపించాడు. ఎక్కువసేపు పట్టే పద్ధతిలో పెడితే గొంతు గీరుకుపోతుందని, రెండో పద్ధతిలో పెట్టుకొమ్మని చెప్పాడు. చిన్న తెర మీద సెకన్లు కదలడం చూపించి, అవి కదులుతుంటేనే మాట పడుతున్నట్టు లెక్క అన్నాడు. రెండు జతల బ్యాటరీలు సంచిలో వేసి, వాటికి డబ్బు తీసుకోలేదు.

నూకరత్నం భర్త పోలారావు జీడిపిక్కలను ఆవిరిలో ఉడికించే డ్రమ్ము దగ్గర పనివాడు. డ్రమ్ము మూత బిగింపు విరిగి పదిరోజులైనా, ఇనుపతీగ చుట్టి పని నడిపించారు. నెలన్నర కిందట ఒక ఉదయం, తన వంతు కాకపోయినా, యజమాని సోమేశ్వరరావు కబురు పెడితే అతను వెళ్లాడు. తీగ తెగి మూత లేచింది. ఆవిరి రెండు కళ్లనూ తీసుకుపోయింది.

ఆ రోజు పోలారావు పనిలో లేడని హాజరు పుస్తకం చెప్పింది. నష్టపరిహారానికి కేసు పెడితే, తాగి వచ్చి తనంతట తనే మూత తీశాడని యజమాని జవాబు రాసిచ్చాడు. పనిలో ఉన్నాడని తేలితే నష్టపరిహారం వస్తుంది. తేలకపోతే రెండు కళ్లూ ఊరికే పోయినట్టే. పనివాళ్లలో సాక్ష్యానికి వచ్చే మగవాడు ఒక్కడూ లేడు. "యజమాని నోటి మాట దొరికిందా, కేసు నిలబడతాది," అని వాళ్ల వకీలు త్రినాథ్ చెప్పాడు. అందుకే ఈ కొనుగోలు.

మర్నాడు అన్నాల వేళ షెడ్డులో వాడకం నేర్చుకున్నారు. అందరికన్నా పెద్దదైన బొడ్డమ్మ తన గొంతు తనే విని బెదిరిపోయింది.

"ఇదేటే? నా గొంతు ఇలగుంటాదేటి? గేదె అరిసినట్టున్నాది."

"ఇన్నాళ్లూ మేం ఇన్నది అదేగదా పిన్నీ," అంది ఇందుమతి.

చేతిసంచిలో పెడితే కాగితాల గరగర పడింది. రవికలో పెట్టుకుంటే నూకరత్నం ఊపిరి కూడా పడింది కానీ, మాట మాత్రం తేటగా ఉంది. అలాగే ఖాయం చేసుకున్నారు.

సోమేశ్వరరావు అరిచే మనిషి కాదు. తిట్టడు, చెయ్యి చేసుకోడు. ఆయన తల ఊపితే పని దొరుకుతుంది, గడ్డం పక్కకు తిప్పితే పోతుంది. పన్నెండేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆయన ముఖం చూసే బతుకుతున్నారు. ఆయన ముందుకు ఎవరు వెళ్లినా, అడిగేది కూలైనా సెలవైనా, మొదట తప్పు ఒప్పుకునే నోరు తెరవాలి. అది ఎవరూ నేర్పని మర్యాద.

గురువారం నూకరత్నం చెప్పులు యజమాని గది గుమ్మం బయట వదిలి, చేతులు జోడించి నిలబడింది.

"తప్పైపోనాది బావూ. మాదే తప్పు. తవరి మీద కాగితాలెట్టినాం. కడుపులో ఎట్టుకోండి."

ఆయన చూస్తూ ఉన్నాడు.

"ఆ మూత బిగింపు ఇరిగిపోనాదని మా ఆయన ముందే తవరికి సెప్పినాడు గదా బావూ?"

సోమేశ్వరరావు కళ్లు మూసుకుని నెమ్మదిగా తల ఊపాడు.

"ఆ పొద్దు మా ఆయన వంతు కాదు. తవరే కబురెట్టినారు గదా?"

మళ్లీ ఊపాడు. ఈసారి నిట్టూర్చాడు కూడా.

"మరి మాకు న్యాయం సేత్తారు గదా బావూ?"

ఆయన చెయ్యెత్తి, భయం లేదన్నట్టు గాలిలో రెండుసార్లు తట్టాడు. దేవుడి పటం ముందున్న అరటిపళ్లలోంచి రెండు తీసి ఆమె దోసిట్లో పెట్టి, "ఊఁ, ఎల్లిరా," అన్నాడు.

ఆయనకు రికార్డరు సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది.

ఆ సాయంత్రం షెడ్డు ఆడవాళ్లంతా నూకరత్నం వాకిట్లో చేరి విన్నారు. ఆమె మాట తర్వాత ఖాళీ వచ్చినప్పుడల్లా "ఇక్కడ ఊపినారు," అని నూకరత్నం అందించింది.

"కళ్లు మూసుకోనేనా?"

"మూసుకోనే."

"అయితే ఒప్పేసుకున్నట్టే. మా అమ్మికి పనిచ్చినప్పుడూ అలగే ఊపినాడు," అంది బొడ్డమ్మ. కళ్లు మూసుకుని, ఆయనలాగే గడ్డం బరువుగా దించి చూపించింది. అందరూ నవ్వారు. నెలన్నర తర్వాత ఆ వాకిట్లో నవ్వు వినబడింది.

మంచం మీద కూర్చున్న పోలారావు కట్టు కట్టిన ముఖాన్ని రికార్డరు వైపు తిప్పి, "ఆరేటన్నారే?" అని అడిగాడు.

"అన్నీ ఒప్పుకున్నారు మావా."

"నాకేటీ ఇనబడ్నేదే."

"నువ్వు సూణ్ణేదు గదా," అంది నూకరత్నం. ఏమందో, అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. 

"అవున్లే," అన్నాడతను. "నాను సూణ్ణేదు గదా."

ఇందుమతి లేచి, అతని చేతికి అరటిపండు ఒలిచి ఇచ్చింది.

విచారణ టెక్కలిలో, కార్మిక శాఖ ఆఫీసులో. మెట్లెక్కుతూ త్రినాథ్ ఒక్కటే అడిగాడు, గొంతు బాగా వినబడుతోందా అని. "గలగలా ఇనబడతాది బావూ," అంది నూకరత్నం. అతనికి ఆ రోజు ఇంకో మూడు కేసులున్నాయి.

అధికారి బల్ల మీద రికార్డరు పెట్టించాడు. సోమేశ్వరరావు తెల్లచొక్కాలో కుర్చీ అంచున, పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చున్నాడు. గదిలో నూకరత్నం గొంతు మొదలైంది. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ఊపిరి.

"ఇక్కడ ఊపినారు బావూ," అంది నూకరత్నం.

"ఎవరు?"

"మా ఫ్యాక్టరీ బావే. తలూపినారు."

అధికారి ఆపి, మళ్లీ వేయించాడు. ఊపిరి ఒక్కటే వచ్చింది. "దీన్లో అది లేదమ్మా," అన్నాడు.

యజమాని వకీలు లేచి, మొదటి ముక్క ఇంకొకసారి వినిపించమన్నాడు. తప్పైపోనాది బావూ, మాదే తప్పు. మళ్లీ అడిగాడు. మాదే తప్పు. మూడోసారి వినిపించాక నూకరత్నానికి అది ఎవరో తెలియని ఆడమనిషి ఏడుపులా అనిపించింది.

"ఈ గొంతు నీదేనా?" అని అడిగాడా వకీలు.

ఆమె తల ఊపింది.

గుమస్తా కలం ఎత్తి పట్టుకుని, "తలూపితే ఏం రాసుకోనమ్మా? నోటితో సెప్పు," అన్నాడు.

"నాదే."

గుమస్తా రాసుకున్నాడు. అధికారిదీ ఈ జిల్లాయే. యజమాని ముందు మనిషి ఎలా మాట్లాడతాడో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, మూడింటికి ఉత్తర్వు ఇస్తానని, ఈలోగా రాజీ పడితే మంచిదని చెప్పి లేచాడు. రికార్డరు నూకరత్నం చేతికొచ్చింది.

వరండాలో పోలారావు బెంచీ మీద కూర్చున్నాడు. ఆఫీసు బంట్రోతు గ్లాసుతో నీళ్లు తెచ్చి, అతని వేళ్లు గ్లాసు చుట్టూ మూసుకునేదాకా తన చెయ్యి తియ్యలేదు.

యజమాని వకీలు కాగితంతో వచ్చి చదివి వినిపించాడు. ప్రమాదం పోలారావు స్వయంకృతం. యజమాని దయతలచి ఎనిమిదివేలు ఇస్తున్నారు. ఇకమీద ఏ దావా లేదు. భర్త తరఫున నూకరత్నం వేలిముద్ర వెయ్యాలి.

"ఎట్టకపోతే?" అంది నూకరత్నం.

"మూడింటికి అదీ ఉండదు. ఆ మిషనుకి డబ్బులిచ్చినోళ్లు ఎవరెవరో కూడా మాకు తెలిసింది. రేపట్నించి షెడ్డుకి వాళ్లూ రానక్కర్లేదు."

త్రినాథ్ ఆమె వైపు చూడకుండా, "ఎట్టీమ్మా. ఇంతకన్నా దొరకదు," అన్నాడు. నల్లసిరా డబ్బా ముందుకు జరిపాడు.

నూకరత్నం బొటనవేలు సిరాలో అద్దింది. అప్పుడే సోమేశ్వరరావు గదిలోంచి బయటికొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఆమెనూ, కాగితాన్నీ చూశాడు. గడ్డం కొంచెం కాగితం వైపు దించాడు.

పన్నెండేళ్లు ఆ కదలికకు లేచిన చెయ్యి ఇప్పుడూ లేచింది. కానీ కాగితం మీదికి పోలేదు. రెండో చేతిలోని రికార్డరు మీటను సిరా వేలితోనే నొక్కి, దాన్ని ఆయన నోటికి ఎదురుగా పట్టుకుంది.

"నోటితో సెప్పండి బావూ."

"ఏటిది? ఏటి సెప్పమంటన్నావు?" అన్నాడు యజమాని వకీలు.

"మిమ్మల్ని కాదు. నన్నేటి సెయ్యమంటన్నారో బావు సెప్పాల."

సోమేశ్వరరావు ముఖం ఎర్రబడింది. గడ్డం మళ్లీ, ఈసారి గట్టిగా, కాగితం వైపు దించాడు.

"అది దీనికి కనబడదు బావూ," అంది నూకరత్నం. చెయ్యి దించలేదు. "మా ఆయనకీ కనబడదు."

బెంచీ మీద పోలారావు నీళ్లు తాగడం ఆపి, కట్టు కట్టిన ముఖాన్ని యజమాని నిలబడ్డ వైపు తిప్పాడు. వినడానికి మెడ కాస్త ముందుకు సాచాడు.  చిన్న తెర మీద సెకన్లు కదులుతున్నాయి. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.