లూదియా మీసం

నాగేశ్వరమ్మ టీచరు దినామూ పొద్దున బస్సుకు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చేది. ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేది. తెలుగు ఎంత చెప్పేదో తెల్దుగానీ, సాయంత్రం బెల్లు కొట్టినాక నాటకం మాత్రం పిల్లల ఒళ్లు హూనమయ్యేట్టు చెప్పేది. ఆమెకు కోపం జాస్తి. అటెండెన్సు కూడా కోపంగానే పిల్చేది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు నంద్యాలలో స్కూళ్ల నాటకాల పోటీ పెట్టినారు. టీచరు సొంతంగా ఒగ నాటకం రాసింది. కింది చేన్లకు కాలువ నీళ్లు ఇడవని మునసబు కథ. అన్నీ మొగ వేషాలే. హెడ్మాస్టరు చూసి, ఆడపిల్లలకు పంచెలు కట్టించేదేందమ్మా, కోలాటం నేర్పించు, సొంపుగ ఉంటాదన్నాడు. టీచరు ఆ సాయంత్రమే పదో తరగతి లూదియాను పిల్చి మునసబు వేషానికి నిలబెట్టింది.

లూదియా దగ్గిర పల్లె నుంచి నడిచొచ్చే పిల్ల. నాయన మత్తయి ఆ ఊరి శేషయ్య కాడ జీతగాడు. అమ్మ మరియమ్మ కూలికి పోయేది. చెల్లెలు జీవమ్మను పోయినేడే బడి మాన్పించి శేషయ్య బర్రెల కాడ పెట్టినారు. లూదియా మనిషి తాటిమాను మాదిరి పొడుగు, మాట మాత్రం నోట్లోంచి దిగి కాళ్ల కాడ పడేది. ఎదుటోల్లు వంగి ఏరుకోవాల్సిందే.

మొదటి పాఠం బస్టాండులో చెప్పింది టీచరు. వేషగత్తెలందర్నీ టీ హోటలు ఎదురుగ నిలబెట్టింది.

"ఆ బెంచీ చూడండి. ఉండేది ఒగడు. పట్టింది ముగ్గురి జాగా. ఎవర్నన్నా అడిగినాడా? లేదు. మీరూ అట్ల కూచోవాల."

పిల్లలు కొంగులు అడ్డం పెట్టుకోని నగినారు.

"నగొద్దు. నగితే మీ జాగా పాయె. మే లూదియా, వాన్ని ఇంగొగడు ఏందో అడుగుతాండాడు సూడు. బేగా చెప్తాండాడా? చెప్పడు. మీసం దువ్వుతాడు. దువ్వినంతసేపు అడిగినోడు కాసుకోని ఉండాల. నువ్వేమో అడక్కముందే జవాబు చెప్పి తల దించుకుంటావు."

ఆ నాటి నుంచి లూదియా లేని మీసం దువ్వేది. బాయి కాడ దువ్వేది, సంగటి తింటా దువ్వేది. గడప మీద కాళ్లు ఎడం పెట్టుకోని కూచుంటే మరియమ్మ మోకాలి మీద ఒగటి ఇచ్చి, కాళ్లు దగ్గిరికి పెట్టుకోమనేది. నాటకానికి నేర్సుకుంటాండా అనేది ఆ పిల్ల. ఆ మాట మాత్రం గట్టిగ వచ్చేది.

పోటీ దగ్గిర పడింది. రంగులకు, మీసాలకు దుడ్లు ఇయ్యనన్నాడు హెడ్మాస్టరు. టీచరు ఆయన గదిలోంచి వచ్చేటప్పటికి మొగం కుంపటి మాదిరి ఉండె. పిల్లలను పిల్చి, మీ ఇండ్లల్లో గోడసందుల్లో ఉండే ఎంటికల చుట్టలన్నీ తెండి అనింది.

ఆ కాలంలో ఏ ఇంట్లోనైనా ఆడోల్లు తల దువ్వుకుంటే రాలిన ఎంటికలు పారేసేది లేదు. ఏలికి చుట్టి గోడసందులో దోపేది. ఎంటికలకు గిన్నెలిచ్చే ఆమె గంప ఎత్తుకోని వస్తే బదులిచ్చేది. మరియమ్మ ఒగ చెంబు కోసం రెండేండ్ల నుంచి దాస్తాండె. సందులో ఉండేదంతా గోరుతో పెరికి కూతురి చేతిలో పెట్టింది.

"తీసకపో. చెంబు లేకపోతే సావము."

అట్ల ఇంటింటి నుంచి వచ్చినాయి. నల్లయి, నెరిసినయి, చమురు కంపు కొట్టేవి, బాలింతవి, పండు ముసలిదానివి. టీచరు ఆ ఎంటికలు గుడ్డపీలికకు కుట్టి మీసాలు చేసింది. అన్నిటికన్నా ఒత్తుగుండేది మునసబుకు పెట్టి, తుమ్మబంకతో అంటించింది.

నంద్యాలలో నాటకం బాగా జరిగింది. లూదియా కుర్చీలో కూచోని మీసం మీద చెయ్యి ఏస్తే హాలంతా ఆ చెయ్యి దిగేదాకా కాసుకోని కూచునింది. కడాన జడ్జీలు బహుమతి చదివినారు. మునసబు ఏసిన పిల్లోడు శానా బాగా చేసినాడు, పైకి రా నాయనా అన్నారు. లూదియా పోయి కప్పు తీసుకునింది. ఆ పిల్లోడు పిల్ల అని ఎవరికీ తోచలేదు. టీచరు మూడో వరుసలో కూచోని పండ్లు పటపట కొరుకుతా ఉండె.

ఆ మీసం ఇంగ ఊడలే. టెంకాయ నూనె పూసినారు, కిరసనాయిలు పూసినారు, ఉడుకునీళ్ల గుడ్డ పెట్టినారు. పట్టి లాగితే రగతం వచ్చింది. ఏర్లు పట్టినట్టుంది, ఇడిసిపెట్టండి, రాలేటప్పుడు అదే రాల్తాదన్నాడు మత్తయి. మర్నాడు బడిలో టీచరు పేరు పిల్చింది, లూదియా ఉండానని పలికింది, పాఠం మొదలైంది. ఆదివారం మంగలాయన నాయనకు గడ్డం చేసి, ఆ పిల్ల మీసం కొసలు కూడా సమంగ కత్తిరిచ్చి పోయినాడు.

ఎవరూ ఏమీ అనలే. కాకపోతే ఎప్పుడన్నా బస్సెక్కితే కండక్టరు ఒగ బాలింతను లేపి, కూచో అప్పా అనేవాడు. లూదియా ఆ బాలింతనే మల్లా కూచోబెట్టేది. మత్తయి పొద్దున చుట్ట ఎలిగిచ్చుకోని, రెండోది కూతురి పక్కకు చాపేవాడు. ఆ పిల్ల వద్దనేది.

కిస్మస్ నుంచి ఇంట్లో ఒగ మాట నలుగుతాండె. మరియమ్మ తమ్ముడు మద్దిలేటిది ప్యాపిలి. పెండ్లాము సచ్చిపోయి ఏడాదాయె, ఇద్దరు పిల్లోల్లు. లూదియాను ఆయనకు చేస్తే, ఆయన ఈ ఊరికే వచ్చి శేషయ్య కాడ జీతానికి చేరతాడు. మత్తయికి నడుము పోయింది, శేషయ్యకు గట్టి మనిషి కావాల. జీతగాల్లు కుదిరేది ఉగాదికి. పెండ్లి అంతకు ముందే కావాల. పదో తరగతి పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే.

ఒగ ఆదివారం గుడి ఇడిసినాక మత్తయి ఇంటి ముందర పందిట్లో కూచున్నారు. శేషయ్య నులక మంచం మీద. మద్దిలేటి, సంఘపెద్ద నతానియేలు రాళ్ల మీద. మత్తయి కింద గొంతుకూచోని. మరియమ్మ తలుపు చాటున. పిల్లను అడగాలనే మాట ఎవరూ ఎత్తలే.

లూదియా బాయి నుంచి వచ్చింది. కడవ దించింది. పోయి మంచం మీద కూచునింది, తలాపి వైపు, కాళ్లు ఎడం పెట్టుకోని. శేషయ్య ముందర మత్తయి పుట్టిన కాన్నుంచి మంచం మీద కూచున్నోడు కాదు. శేషయ్య ఒగసారి పక్కకు చూసి, జరిగి జాగా ఇచ్చినాడు.

మాట సాగింది. నతానియేలును అడిగితే మంచిదే అన్నాడు. మత్తయిని అడిగితే, మీరెట్లంటే అట్ల అయ్యా అన్నాడు. శేషయ్య పక్కకు తిరిగినాడు.

"నువ్వేమంటావప్పా?"

లూదియా మీసం మీద చెయ్యేసింది. ఎడమ పక్క దువ్వింది. కుడి పక్క దువ్వింది. మల్లా ఎడమ పక్కకు వచ్చింది. నతానియేలు దగ్గబోయి ఆపుకున్నాడు. మద్దిలేటి మెడ చాచుకోని చూస్తాండాడు. మొగోల్లంతా కాసుకోని ఉండ్రి.

"వద్దు."

"ఎందుకు?"

మల్లా దువ్వింది.

"పిల్ల పరీక్ష రాయాల. ఈ మద్దిలేటి ఆ పిల్లను చంకన ఎత్తుకోని తిప్పినోడు. వద్దంటే వద్దే."

శేషయ్య గొంతు సవరిచ్చుకున్నాడు. మద్దిలేటి తువ్వాలు దులిపి భుజాన ఏసుకున్నాడు.

"పెద్దమనిషి అంత మాటన్నాక ఇంగేముండాది," అని లేసినాడు. శేషయ్య లేసినాడు. నతానియేలు చిన్న ప్రార్థన చేసినాడు. ఎవరి దారిన వాల్లు పోయినారు.

మరియమ్మ తలుపు ఎంత గట్టిగ తోసిందంటే, గోడకు కొట్టుకోని సున్నం రాలింది.

"అయిపాయెనా? అంతేనా? ఒగసారి వద్దంటివి, అయిపాయె. నేను కిస్మస్ నుంచి వద్దు వద్దని గొంతు చించుకుంటాండా. మీ నాయనకు చెప్తి. నా తోడబుట్టినోనికి చెప్తి. ఆ నతానియేలుకు గుడిలోనే చెప్తి. ఎవరికన్నా ఇనపడెనా?"

మత్తయి నేల చూస్తా ఉండె. లూదియా కడవ ఎత్తి లోపల పెట్టింది.

మర్నాడు ఆ సంగతి బడిలో చెప్తే టీచరు సంతోషపడుతుందనుకునింది. టీచరు చేతిలో ఉండే సుద్దముక్క నలిపి పొడి చేసింది.

"మాట నీదే, నోరు నీదే. వాల్లు ఇన్నది మాత్రం మీసం మాట. దానికి నేను చప్పట్లు కొట్టాల్నా? పో, పోయి చదువుకో. తప్పితే తోలు ఒలుస్తా."

లూదియా మీసంతోనే పరీక్షలు రాసింది. ఆఖరి పేపరు ఇచ్చి బయటికొచ్చి మొగం కడుక్కుంటే, అది దోసిట్లోకి రాలి పడింది, ఎండాకు రాలినట్టు. పెదవి మీద మచ్చ కూడా లేదు. ఇంటికొచ్చేటప్పటికి మద్దిలేటి వచ్చి ఉండె. ప్యాపిలిలోనే ఒగ ఇతంతువుతో కుదిరిందంట, చెప్పిపోను వచ్చినాడు. లూదియాను చూసి, ఏం పాపా, నీళ్లు తే అన్నాడు. తాగి, చెంబు లేని ఇల్లు గనక లోటా కింద పెట్టి, ఆ పొద్దు వద్దన్న పెద్దాయనది ఏ ఊరో గానీ మంచి మాట చెప్పినాడక్కా అన్నాడు.

తమ్ముడు పోయినాక మరియమ్మ కూతురి చేతిలో ఉండే మీసం చూసింది. తీసుకోని వాసన చూసింది. అందులో తన ఎంటికలు ఏవో తెల్సిపాయె. గోడసందులో పెడతావామ్మా అని అడిగింది లూదియా. గంపామె పోయిన వారమే ఊర్లోకి వచ్చిపోయింది.

"చెంబు యాడికి పోతాది," అనింది మరియమ్మ.

మీసం మూతి మీద పెట్టుకోని అరచేత్తో అదిమింది. బంక పెట్టలే. అయినా పట్టింది. కొంగు బిగిచ్చి నడుముకు దోపింది. వీధి ఎంబడి పోతాంటే బాయి కాడి మొగోల్లు పక్కకు జరిగినారు.

శేషయ్య వాకిట్లో మంచం మీద ఉండె. రా అప్పా, కూచో అని జరిగి జాగా ఇచ్చినాడు. మరియమ్మ కూచోలే. మీసం దువ్వింది. శేషయ్య కాసుకోని ఉండె. ఆయన మొగం చూడకుండా దొడ్డి వైపు తిరిగింది.

"మే జీవమ్మా. ఆ గంప ఆడ పడెయ్. రేపు బడికి పోవాల."

జీవమ్మ బర్రెల నడుమ నుంచి తలెత్తింది. పేడ గంప ఉన్న కాన్నే దించి, చేతులు పావడాకు తుడుచుకుంటా వచ్చి అమ్మ పక్కన నిలబడింది. ఆడ దించిన గంప పొద్దుగూకేదాకా ఆన్నే ఉండె. తర్వాత దాన్ని ఎత్తాల్సింది శేషయ్యే.