మనీషా దాచిన కొసలు

మనీషాకు క్రోషియా అల్లడమంటే ప్రాణం, కొసలు దాచడమంటే ప్రాణసంకటం. అల్లేవాళ్ళను ఎవరినడిగినా ఇదే చెబుతారు. రంగు మారిన ప్రతిచోటా ఊలు కొసలు వేలాడతాయి. ఒక్కోదాన్నీ సూదికెక్కించి, అల్లిక లోపలికి ఇటూ అటూ తిప్పి దూర్చాలి. మిగతావాళ్ళయితే రేపు చూద్దాంలే అని మూటకట్టి అటకెక్కిస్తారు. మనీషాకు ఆ వీలు లేదు. ఆమె చేతి కొసలు వదిలేస్తే పెరుగుతాయి. పెరిగి, ఆమె మనసు ఎక్కడుంటే అక్కడికి పాకిపోతాయి. బడికెళ్ళే రోజుల్లో ఒక మఫ్లర్ కొస పక్కింటి జామచెట్టెక్కి దోరకాయకు చుట్టుకుంది. పక్కింటి దుర్గవ్వ ఆ కాయ కోసి, కొసతో సహా పంపించింది. శంషాబాద్‌లో ఆ వాడకంతా తెలిసిన సంగతే ఇది.

పోయిన ఎండాకాలం బస్టాండు దగ్గర చిన్న దుకాణం ఖాళీ అయింది. అల్లినవి పెట్టుకుని అమ్ముకుంటానని తండ్రి జంగయ్యను అడిగింది మనీషా.

"ఆడపిల్ల షటర్ ఎత్తుడేంది? నలుగురు నవ్వుతరు," అన్నాడాయన. అని, మరిచిపోయాడు. ఆమె మరవలేదు. అప్పట్నుంచి ఒక్క కొసను కూడా బయటికి కనబడనీయలేదు.

ఇంతలో రాజేంద్రనగర్ సంబంధం వచ్చింది. అబ్బాయి మధు నెమ్మదస్థుడు. అతని తల్లి ప్రేమలత మాత్రం ముందే చెప్పేసింది, కోడలు ఇంటిపట్టునే ఉండాలని. ఆదివారం మాట ఖాయం చేసుకుంటారు. ఖాయమైతే దుకాణం ఆశకు నీళ్ళొదులుకోవడమే. అయినా మనీషా, "నీ ఇష్టం బాపు," అంది. ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున తల్లి అనంతమ్మ, పిల్ల పనితనం చూపిద్దామని మనీషా రాత్రి పొద్దుపోయేదాకా అల్లి, ఇంకా కొసలు దూర్చని దుప్పటి బయటికి తీసింది. అంచు నిండా కొసలే. చుట్టాలేమో వీధి మలుపు తిరిగేశారు. ఒక్కోటీ దూర్చే ఓపిక ఎవరికుంది? రెండేసి కలిపి ముడేసి, టకటకా కత్తిరించి, మంచం మీద పరిచేసింది. క్రోషియాలో చెయ్యకూడని పని ఏదైనా ఉందంటే అదే. ముడి ఎప్పటికైనా ఊడుతుంది.

చాయ్ తాగుతుండగానే ఊడింది. ఎర్రవీ పచ్చవీ కొసలన్నీ లేచి, మధు మోకాళ్ళను తప్పించుకుని, గడప దాటాయి.

"మా పిల్లగాని దిక్కన్న చూడలే గద వదినా," అంది, ఆ కొసల సంగతి ముందే విని ఉన్న ప్రేమలత నొచ్చుకుని.

జంగయ్య మొహం కందగడ్డయింది. మూలనున్న కర్ర అందుకున్నాడు. "ఎవడే వాడు?"

"ఎవ్వరు లేరు బాపు, జర ఆగు!"

ఆగితే ఆయన జంగయ్యే కాదు. కొసల వెంట ఆయన, ఆయన వెంట మనీషా, చెప్పులు వెతుక్కుంటూ అనంతమ్మ, ఆ వెనక చుట్టాలు. నెత్తిమీద విమానం దిగుతున్నా ఎవరూ తలెత్తలేదు. ఆటోలు కొసలను తొక్కకుండా ఓరగా పోయాయి.

"జర జల్ది నడువన్నా, దొరుకుతడు!" అని ఇస్త్రీ బండి రాములు ఉత్సాహపరిచాడు.

బస్టాండు దగ్గర, మూసి ఉన్న షటర్ ముందు కొసలు ఆగాయి. తాళాన్ని చుట్టుకుని అక్కడే ఉండిపోయాయి. పైన 'కిరాయికి ఇవ్వబడును' అని అట్ట. జంగయ్య కర్రెత్తి అటూ ఇటూ చూశాడు. కొట్టడానికి మనిషి లేడు.

"గీ దుకాణమానే?" ఆయన గొంతు దిగిపోయింది.

"అప్పుడు అడిగిన గద బాపు. నలుగురు నవ్వుతరన్నవ్."

నలుగురూ నవ్వుతున్నారు నిజంగానే, కర్ర పట్టుకుని షటర్ మీదికి తగాదాకొచ్చిన జంగయ్యను చూసి. ఆయనకూ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

"అమ్మా," అన్నాడు మధు మెల్లగా, "గింత మనసు ఈడ పెట్టుకున్న పిల్లను ఇంట్ల ఎట్ల కూసోపెడతం?"

ప్రేమలత కాసేపు కొసలను చూసింది. "పెండ్లి ముచ్చట నిదానంగ మాట్లాడుకుందాం అన్నా. మీరు ముందు గీ పని చూసుకోండి," అంది.

జంగయ్య కర్రను గోడకానించాడు. మునివేళ్ళ మీద లేచి, ఆ అట్టను ఊడబెరికి చంకలో పెట్టుకున్నాడు.

"గీ షాపాయనకు ఫోన్ చెయ్యి బిడ్డా," అన్నాడు. "ఇగ గిది ఖాళీ లేదని చెప్పు."