ఎడమకు తిప్పినప్పుడు

పొరపాటు చేతిదే అనుకుంటే గొడవే లేదు. చేతికి మనసుండదు, దాన్ని నిలదీసేవాడు ఉండడు. కానీ ఇది ఇన్నేళ్లుగా కొలతల మీదే బతికిన చేయి. తాను డాక్టర్లకు చేసిచ్చే కట్టుడు పళ్లలో వెంట్రుకవాసి ఎత్తు తగ్గినా వేలికొసతో పట్టేసే చేయి. అలాంటిది సైకిలు గేరు వైరును నాలుగు వేళ్ల మేర పొట్టిగా ఎలా కోసింది? అతను గేటుకు ఆనుకుని నిలబడి, ఆ ప్రశ్నను ఎవరిదో పన్ను పరీక్షిస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

సందులో అతని భార్య సైకిలు తొక్కుతోంది. సందు చివరి దాకా వెళ్లి, అక్కడ కుడివైపున్న ఖాళీ జాగాలో తిరిగి, మళ్లీ వస్తోంది. కుడికే తిరుగుతోంది. ఎడమవైపు గోడ ఉంది కాబట్టి ఇంకోలా తిరిగే అవసరం ఆమెకు రాలేదు. ఆ గోడ మీద అతనికి కృతజ్ఞతలాంటిది కలిగింది, కలిగినందుకు కొంచెం ఆశ్చర్యమూ వేసింది.

రేపటి నుంచి ఆమెకు ఉద్యోగం. గుట్ట మీది మొక్కల నర్సరీలో నారు పెంచే పని. పాత సైకిలుకు మూడు గేర్లే. ఆ మూడింటితో గుట్ట ఎక్కాలంటే ఏనుగు కాళ్లు కావాలని ఆమె అన్నయ్యే తేల్చేశాడు. ఆయనకు సైకిలు షాపుంది. గేర్లన్నీ చక్రం నడిమి డబ్బాలోనే ఉండే ఎనిమిది గేర్ల హబ్బుతో ఒక వాడిన చక్రం, దానికి సరిపడే గేరు పిడి ఆయనే వెతికిచ్చాడు. చక్రం మార్చడం నిన్నే అయిపోయింది. చిక్కంతా వైరు దగ్గర వచ్చింది. పాత హబ్బుకు వైరు ఇరుసు దాకా పోనక్కర్లేదు, చిన్న గొలుసు ముక్క దాన్ని దారిలోనే అందుకునేది. కొత్తదానికి ఇరుసు పక్కన పళ్లెంలాంటిది ఉంది. వైరు వెళ్లి దాని చుట్టూ తిరిగి కూర్చోవాలి. పాత వైరు జానెడు తగ్గింది. అతను పొడవుది కొనుక్కొచ్చి, పై తొడుగు కొలిచి కోసి, లోపలి వైరు బిగించి, మిగిలిన కొసను కత్తిరించాడు. నాలుగో గేరులో పెట్టి చూస్తే హబ్బు మీది రెండు పసుపు గీతలు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. అలా నిలబడితే అమరిక సరిగ్గా ఉన్నట్టు.

ఆ తర్వాత హ్యాండిల్‌ను ఎడమకు తిప్పాడు. గేరు పిడి కుడిచేతి వైపుంటుంది. హ్యాండిల్ ఎడమకు తిరిగితే ఆ వైపు ముందుకు జరుగుతుంది, వైరును వెంట లాక్కుపోతుంది. పొట్టి తొడుగు బిర్రబిగుసుకుంది. వెనక చక్రంలో టక్కుమంది. ఎవరూ మార్చకుండానే గేరు మారింది.

సరిగ్గా అప్పుడే ఆమె వరండాలోంచి అడిగింది, "అయిపోయిందా అండీ?"

"అయిపోయింది. తొక్కి చూడు."

ఆ మాటలు తన గొంతులోంచే వచ్చాయి. వెనక్కి తీసుకోవడానికి అవకాశం కూడా ఉండింది, ఆమె చెప్పులు వేసుకునేంత సేపు. తీసుకోలేదు. గుట్ట రోడ్డు మొదట్లోనే ఎడమకు తిరుగుతుంది. ఎత్తు మొదలయ్యేదీ అక్కడే. తేలిక గేరులో తొక్కుతుంటే చక్రం ఉన్నట్టుండి బరువెక్కుతుంది, లేదా పెడలు గాల్లో తిరుగుతుంది. పడుతుంది, లేకపోతే దిగుతుంది. అతను ఈ రెంటినీ వాతావరణ వార్తలు విన్నంత నింపాదిగా తలచుకున్నాడు.

ఆమె గేటు ముందు దిగింది. మొహమంతా చెమట, నవ్వు.

"వెన్నలా ఉందండీ. ఒకటో గేరులో అయితే కాళ్లు ఊరికే తిరుగుతున్నాయి, పిండిమరలా. మా అన్నయ్యతో పందెం కాశాను, తెలుసా? మలుపు దగ్గర దిగకుండా ఎక్కేస్తానని."

"దిగితే?"

"దిగితే వాడి షాపులో నూనె గుడ్డలన్నీ నేను ఉతకాలి. వాడికేం, ఇప్పటి నుంచే మూట కట్టి పెట్టుకున్నాడు." సైకిలుకు స్టాండు వేసి ఆమె కొంచెం ఆగింది. "గుడ్డలదేముందిలెండి. నిజంగా దిగి తోసుకుంటూ వెళ్లాల్సొస్తే మాత్రం ఇంక ఆ ఉద్యోగం ఊసెత్తను. నా కాళ్లలో అంత సత్తా లేదని ఒప్పేసుకుంటాను. ఈ వయసులో నవ్వులపాలు ఎందుకు?"

లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెలు కదిలాయి, కుళాయి తిరిగింది, ఎవరితోనో అన్నట్టు ఆమె తనలో తాను ఏదో అనుకుంది.

అతను వెనక గదిలోకి వెళ్లి తన పనిబల్ల దగ్గర కూర్చున్నాడు. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చులు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒంటరిగా ఉంటేనే తన పని సాగుతుందని అతను నలుగురిలోనూ చెప్పుకుంటాడు. అందుకే ఈ గదికి తలుపు బిగించుకున్నాడు. ఇప్పుడు ఆ తలుపు అవతల గిన్నె మీద మూత పడింది, అతని భుజాలు వాటంతటవే సడలాయి. అది అతను గమనించాడు. రోజూ ఇలాగే జరుగుతూ ఉండాలి, ఇవాళే కనిపించింది. తాను ఏకాంతమని పేరు పెట్టుకున్నది గోడకు ఆ పక్కన మనిషి ఉండడమే. రేపు మధ్యాహ్నం ఈ బల్ల దగ్గర నిజమైన నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని అతను ఎన్నడూ కలుసుకోలేదు.

ఆమెను ఆపాలని ఉంటే ఆపొచ్చు. వద్దు అంటే ఆమె దెబ్బలాడుతుంది, అతనూ దెబ్బలాడతాడు, ఎవరో ఒకరు గెలుస్తారు. అది మర్యాదైన సంగతి. ఇది వేరు. రేపు మలుపులో దిగి, ఆమె వైరును అనుమానించదు. వంగి మోకాళ్లను చూసుకుంటుంది. ఆ తర్వాత బతికినంత కాలం తన కాళ్ల గురించి ఒక అబద్ధం నమ్ముతుంది. ఆ అబద్ధం చెప్పడానికి అతను నోరు విప్పనక్కర్లేదు కూడా.

అచ్చుల్లో ఒకదాన్ని తీసి మళ్లీ పెట్టేశాడు. లేచి, చొక్కా వేసుకుని, సైకిలు తీసుకుని నడుచుకుంటూ షాపుకు వెళ్లాడు.

ఆదివారం కాబట్టి షట్టరు సగం దించి ఉంది. కింద నుంచి దూరి వెళ్లేసరికి బావ, ఆమె అన్నయ్య, ట్యూబుకు పంక్చరు వేస్తున్నాడు.

"ఏం బావా, నిన్నటి వైరు నమిలేశావా?"

"పొట్టిదైంది."

బావ సైకిలు హ్యాండిల్‌ను ఒకసారి ఎడమకు తిప్పి చూశాడు. వెనక టక్కుమంది. "గోడకు ఆనించి కొలిచావు కదూ? అప్పుడు హ్యాండిల్ కుడికి వాలిపోయి ఉంటుంది. అలా కొలిస్తే సగం వైరే చాలనిపిస్తుంది."

"నాకు తెలుసు."

"తెలిసే కోశావా?" బావ పగలబడి నవ్వాడు.

అతను నవ్వలేదు. బావ అది గమనించలేదు, అటక మీద చేయి పెట్టి వెతుకుతున్నాడు. "డాక్టర్లకు పాఠాలు చెప్తావుగా నువ్వు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరి పళ్లయినా బాగానే ఉంటాయి, నమిలించి చూడండి అని. మరి సైకిలును నమిలించి చూడొద్దూ? పట్టు, ఇద్దరు తొక్కే సైకిలుకు వేసే వైరు ఇది, గుట్ట దాకా సాగుతుంది. అవునూ, చెల్లెలు పనికి పోతే మధ్యాహ్నం నీ భోజనం సంగతేంటి?"

"వండుకుంటాను."

"నువ్వు వండింది తినాలంటే సొంత పళ్లు చాలవు బావా. నువ్వు చేసినవి పెట్టుకోవాలి."

ఇంటికొచ్చి వరండాలో సైకిలును తలకిందులు చేయకుండా స్టాండు మీదే నిలబెట్టాడు. పొట్టి తొడుగు విప్పి పక్కన పడేశాడు. కొత్తది పిడిలోంచి మొదలుపెట్టి, చట్రం వెంట కిందికి దించి, గొలుసు పక్కగా ఇరుసు దాకా తీసుకెళ్లాడు. ఎక్కడా మడత పడకుండా వేళ్లతో తడుముకుంటూ పోయాడు. చేయి తన పని తాను చేసుకుపోతోంది. ఇందాకటి ప్రశ్న దానికి గుర్తున్నట్టు లేదు. పనిలో చేయి ఎంత అమాయకంగా కనిపిస్తుందో అనుకున్నాడు.

ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద నిలబడింది.

"అదేంటి, బాగానే ఉందన్నాను కదా! మళ్లీ విప్పారేం?"

"ఎడమకు తిప్పితే గేరు దానంతటదే మారుతోంది. వైరు పొట్టిగా కోశాను."

"మీరా?" ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది. "ఎవరైనా ఆవగింజంత తేడా చేస్తే ఫోనులో వాళ్ల ఏడు తరాలనూ కడిగేస్తారే! ఈ సంగతి డాక్టర్లకు తెలియాలి, పండగ చేసుకుంటారు."

ఆమె నవ్వులో వెతికే చూపు లేదు. ఉంటే ఏమని చెప్పేవాడో అతనికే తెలియదు. కావాలని కోశానా లేదా అన్నదానికి జవాబు దొరకలేదు, ఇక దొరుకుతుందనీ తోచలేదు. జవాబు లేకుండానే తొడుగు కోయాలి.

"ఇలా వచ్చి ఎక్కి కూర్చో," అన్నాడు.

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని ఎక్కింది. "ఇప్పుడేం చేయాలి?"

"హ్యాండిల్ ఎడమకు తిప్పు. ఇంకా. ఇంకా తిరుగుతుంది, భయపడకు. ఆ, అక్కడే పట్టుకో."

వైరు పిడి దగ్గర నుంచి మెత్తగా వంపు తిరిగి ముందుకు సాగింది. ఇరుసు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అతను తొడుగు మీద సుద్దతో గీత పెట్టాడు. కటింగ్ ప్లేయరు అందుకున్నాడు. దాని నోరు గీతకు కొంచెం ఇవతల, పొట్టి అయ్యే వైపు, ఆనింది. ఒక్క క్షణం అక్కడే ఉంది. పైన ఆమె, "చేతులు లాగుతున్నాయండీ, వదిలేయనా?" అంటోంది.

"వదలకు," అన్నాడు. ప్లేయరును గీత దాటించి, బొటనవేలంత అవతలికి జరిపి, నొక్కాడు.