నేర్పిన పదకొండు జవాబులు

హేమలత చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తెల్లది, నిండు చేతులది, కోర్టు వాయిదా రోజుల కోసమే కొన్నది. కాలరు దగ్గర ఒక్క ముడత మిగిలినా మొగుడు జగదీష్ ఊరుకోడు. "ఆడ అందరూ చూసేది నన్ను. నీ మొగం ఎవరు చూస్తారు" అన్నాడు మొదటి వాయిదాకు పోతూ. నిజమే కదా. పరాయి ఆడపిల్లను ఇనుపకడ్డీతో తలమీద కొట్టి, హత్యాయత్నం కేసులో నిలబడ్డ మనిషిని చూడక జనం ఇంకెవరిని చూస్తారు. పద్నాలుగు నెలలుగా ఆ మనిషి చొక్కా మీద ముడత లేకుండా చూసుకుంటున్నది మాత్రం ఆమే.

"ఏడో ప్రశ్న ఇంగోసారి సెప్పు" అంది అత్త ఈరమ్మ, గడపలో కూచుని తమలపాకు ఈనె తీస్తూ. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ జగదీష్ తరఫు ఆదోని లాయరు శ్రీనివాసులు రాసిచ్చిన పదకొండు ప్రశ్నలూ, వాటి జవాబులూ ఆమెకు నోటికి వచ్చు. ఇవాళ సాక్ష్యం చెప్పేది హేమలత కాబట్టి వారం రోజులుగా కోడలి చేత వల్లె వేయిస్తోంది.

"నీకు మగ్గం నేసేది వస్తాదా అని అడుగుతాడు" అంది హేమలత.

"నువ్వేమంటావు?"

"రాదు సార్ అంటాను."

"రాదు సార్, నూలు కండెలు చుడతాను, వంట చేస్తాను, అంతే అనల్ల. ఆ అంతే అనే మాట ఇడిసిపెట్టొద్దు."

పదకొండు జవాబుల్లో కేసు నిలబడింది ఆ ఏడో దాని మీదే. నిరుడు శ్రావణమాసం మూడో సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, ఆదోనిలో మందుల షాపులో పనిచేసే జ్యోత్స్న అన్నానికని వెనక సందులోకి వచ్చినప్పుడు దెబ్బ పడింది. ఆ సమయానికి జగదీష్ ఎమ్మిగనూరులో తన ఇంట్లో మగ్గం మీద ఉన్నాడని లాయరు వాదన. దానికి సాక్ష్యం ఒక చీర. మగ్గం మీద చీరలు నేయించుకుని అమ్ముకునే గోవిందయ్య ఆ రోజు పొద్దున పదింటికి వచ్చి చూసినప్పుడు కొంగు ఇంకా మూరన్నర మిగిలి ఉంది. సాయంత్రం ఆరింటికి వచ్చినప్పుడు చీర కోసి మడతపెట్టి చేతికిచ్చారు. పెళ్లివాళ్ల చీర కాబట్టి ఆయనకు బాగా గుర్తు. ఆ సంగతి కోర్టులో నిజాయితీగానే చెప్పాడు. ఆ మూరన్నర ఎవరో ఒకరు నేసి ఉండాలి కదా. ఆ రోజు ఈరమ్మ వీధి ఆడవాళ్లందరితో కలిసి ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోయింది. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లామూ. పెళ్లానికి నేత రాదంటే నేసింది మొగుడే. నేసింది మొగుడే అయితే జ్యోత్స్న అబద్ధాలకోరు. చూడటానికి ఎంత సులభంగా ఉందో.

హేమలతకు నేత వచ్చు. కోడుమూరులో ఆమె తండ్రికి మగపిల్లలు లేరు. పన్నెండో ఏట కూతుర్ని మగ్గం గుంతలో కూచోబెట్టాడు. పెళ్లై వచ్చిన మూడో నెలలోనే అత్తకు ఆ సంగతి తెలిసింది. ఈరమ్మ సంతోషపడలేదు, బాధపడలేదు. లేచి వీధి తలుపు మూసింది. "పెండ్లాం నేస్తాంటే కూకోని తినే మొగోడని నా కొడుకును అంటే నేను సహించను. నేసుకో, గానీ తలుపేసుకోని నేసుకో" అంది. అప్పటినుంచీ ఆ తలుపు మూసే ఉంటుంది. జగదీష్ నూలుకని, రంగుకని, ఆదోనికని తిరుగుతాడు. గోవిందయ్య వస్తే హేమలత గుంతలోంచి లేచి, కాళ్లకంటిన దూది దులుపుకుని, తలుపు సందులోంచి "ఆయప్ప నీళ్లు పోసుకుంటాండాడు" అని చీర అందిస్తుంది. పదిహేనేళ్లలో అన్ని స్నానాలు చేసిన మగవాడు ఎమ్మిగనూరులో ఇంకొకడు ఉండడు.

గోవిందయ్య ఆ చీర వెలుతురుకు పట్టి చూసి అనే మాట కూడా ఎప్పుడూ ఒకటే. "నీ మొగుని చెయ్యి సల్లగుండ. పోగు మీద దెబ్బ ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు." హేమలత తలుపు వెనక నిలబడి తన చేతులు చూసుకునేది. ఒక ఏడాది చేనేత దినోత్సవం నాడు మంచి నేతగాడని జగదీష్‌కు శాలువా కప్పారు. సొమ్మొకడిది సోకొకడిది. మూడో వరసలో అతని సంచీ ఒళ్లో పెట్టుకుని ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కొట్టినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

శ్రావణ సోమవారం ఏం జరిగిందో ఆమెకు తెలియక కాదు. జగదీష్ ఆ మందుల షాపుకు వారానికి రెండుసార్లు లేని తలనొప్పికి మాత్రలు కొనడానికి పోయేవాడు. జ్యోత్స్న కోసిగి దగ్గర కూలివాళ్ల బిడ్డ. తల్లిదండ్రులు ఏటా ఆరునెలలు వలసపోయి చదివించుకున్నారు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు నలుగురి ముందూ "అన్నా, నీకు తలనొప్పీ లేదు ఏమీ లేదు, ఇంగ ఈడికి రావొద్దు" అంది. మగవాడికి కాదన్న మాటకంటే నలుగురు నవ్విన నవ్వే ఎక్కువ తగులుతుంది. సోమవారం పక్క షాపు షట్టరు లాగే కడ్డీ అతని చేతికి దొరికింది. ఎడమ చెవికి వినికిడి పోయింది, తల ఎముక చిట్లింది, పంతొమ్మిది రోజులు కర్నూలు ఆస్పత్రిలో ఉంది. చూసినవాళ్లు చూడలేదన్నారు. జగదీష్ ఫోను ఆ రోజు ఇంట్లో మరచిపోయాడు. అతని అదృష్టం అది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చాడు. చొక్కా చేతి మీద మరకలున్నాయి. "కోడిని కోస్తాంటే పక్కన నిలబడినా, పడింది" అన్నాడు. శ్రావణమాసంలో, వీధి వీధంతా నీచు ముట్టని రోజుల్లో, కోడిని కోసిన మహానుభావుడెవరని ఆమె అడగలేదు. ఉప్పునీళ్లలో చొక్కా నానబెట్టింది. రెండు నీళ్లు మార్చింది. అడగకుండా ఉతికినందుకు తన చేతుల మీద ఆమెకున్న కోపం ఇంతా అంతా కాదు.

తర్వాత మోయడమే ఆమె పని అయింది. అతను సబ్ జైలులో ఉన్న నలభై రోజులు బట్టలు మోసింది, బెయిలుకు జామీనుదార్ల ఇళ్ల చుట్టూ తిరిగింది, ఫైలు మోసింది, వాయిదాకు చిత్రాన్నం మోసింది. అందరి మాటలూ మోసింది. "పెండ్లాం సరిగ్గా ఉంటే మొగుడు బయట ఎందుకు చూస్తాడు" అన్నది పెద్దాడబిడ్డ. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది, నోరు మూసుకో" అన్నది అత్త. "హాస్టల్లో చదివే నీ కూతురికి రేపు సంబంధం ఎవరిస్తారు" అన్నాడు మామ వరసయ్యే ఒక పెద్దమనిషి, ఏడో తరగతి పిల్ల గురించి. ఆ నలభై రోజులూ మగ్గం ఆగలేదు. చీరలు ఎప్పటిలాగే గోవిందయ్యకు అందాయి. మొగుడు జైల్లో ఉంటే ఎవరు నేస్తున్నారమ్మా అని ఆయన అడిగితే, బళ్లారి నుంచి మా తమ్ముని కొడుకు వచ్చినాడని ఈరమ్మ చెప్పింది. ఆయన నమ్మాడు. లేని మేనల్లుడు నేశాడంటే నమ్మారు గానీ, ఎదురుగా ఉన్న ఆడది నేసి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు.

పోయిన నెల జ్యోత్స్న బోనెక్కింది. శ్రీనివాసులు కావాలనే ఆమె ఎడమవైపు నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు. వినపడక ఆ పిల్ల మెడ తిప్పినప్పుడల్లా జడ్జి వైపు చూసి, "అడిగేది వినపడదు గానీ కొట్టినవాడు మాత్రం బాగా కనపడినాడంట మేడం" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. జ్యోత్స్న ఏడవలేదు. "వినపడకుండా చేసినోడు ఆయనే సార్. మొగం ఎట్ల మర్చిపోతా" అంది. బెంచీ చివర కూచున్న హేమలత తల ఎత్తలేకపోయింది.

అయినా అబద్ధం చెప్పడానికే సిద్ధపడింది. అదీ దాచనక్కర్లేదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, మధ్యాహ్నం రెండింటికి అన్నం పెట్టినాను, మంచివాడు, చెయ్యెత్తి ఎరగడు, ఇవన్నీ గడగడా చెప్పేస్తుంది. ఏడో ప్రశ్న దగ్గరే నసుగుతుంది. పెద్ద అబద్ధాలు పది మింగినదానికి ఆ చిన్నదాని దగ్గర ఇబ్బందేమిటి అంటారేమో. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందనే సామెత ఊరికే పుట్టలేదు.

జగదీష్ బండి మీద ముందే పోయాడు. అత్తాకోడళ్లు ఆదోని బస్సెక్కారు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి కండక్టరు ఇద్దరికీ సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఈరమ్మ దారిపొడవునా జవాబులు చెప్పిస్తూనే ఉంది. ముందు సీటావిడ వెనక్కి తిరిగి, "పరీక్షనా అక్కా?" అని అడిగింది. ఈరమ్మ అవునంది.

కోర్టు వరండాలో శ్రీనివాసులు ఇంకోసారి కాగితం చదివించి, టీ తాగడానికి పోయాడు. జగదీష్ ఆమెను స్తంభం పక్కకు పిలిచాడు. అతను బతిమాలతాడని హేమలత అనుకుంది. పదేళ్లు జైలని లాయరు చెప్పాడు కదా, ఇవాళైనా మనసులో మాట ఒకటి అంటాడనుకుంది. ఇన్నేండ్లు నీ చేత నేయించినాను, ఈ ఒక్కసారి రాదని చెప్పు, అంటే చాలు. అంతకంటే ఆమె అడగలేదు. ఆ ఒక్క మాట కోసం పదకొండు జవాబులూ చెప్పేసి వచ్చేది.

"ఏడో దానికాడ ఏం అట్ల నసుగుతావంట, అమ్మ సెప్పింది" అన్నాడు.

"వచ్చిన పనిని రాదనాలంటే నోరు రాలేదు."

జగదీష్ నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్ల ఏదో అంటే నవ్వినట్టు. "ఏం వస్తాదే నీకు? నేను లేనప్పుడు నాలుగు పోగులు కొట్టినావు. దాన్ని నేత అంటారా? నేసేది నేను. అందులో అబద్ధం ఏముంది?"

హేమలత అతని మొహంలోకి చూసింది. వెతికి వెతికి చూసింది. ఇన్నాళ్లూ ఇద్దరం కలిసి ఒక అబద్ధం మోస్తున్నామనుకుంది. ఇద్దరు దొంగల మధ్య ఉండేపాటి నిజమైనా తమ మధ్య ఉందనుకుంది. అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ చీరలన్నీ తనే నేశాడని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. శాలువా కప్పుకున్నప్పుడూ నమ్మాడు. పదిహేనేళ్ల ఆడమనిషి చాకిరీ ఇంత తేలిగ్గా కళ్లముందు నుంచి తుడిచేసుకున్నవాడికి, ఆదోని సందులో ఒక్క మధ్యాహ్నం తుడిచేసుకోవడం ఎంతసేపు? జ్యోత్స్నను కూడా ఇతను కొట్టి ఉండడు, అతని బుర్రలో. ఆ పిల్లే వచ్చి కడ్డీకి తల తగిలించుకుని ఉంటుంది. ఈ ఆలోచనతో ఆమెకు భయం వేసింది. ఆ భయం వెంటనే ఒళ్లు మండిపోయేంత కోపం వచ్చింది. తనను తుడిచేసిన గుడ్డతోనే ఆ పిల్లనూ తుడవబోతున్నారు, పైగా ఆ గుడ్డ పట్టుకోవాల్సింది తనే.

"సరే" అంది.

"అట్ల దారికి రా" అన్నాడు జగదీష్, కాలరు సర్దుకుంటూ.

హేమలతను పిలిచారు. బోనెక్కింది. కింద బెంచీ మీద ఈరమ్మ పెదవులు ముందే కదులుతున్నాయి. ఇంకో వైపు జ్యోత్స్న, తల్లి హులిగమ్మ కూచున్నారు. జ్యోత్స్న కుడిచెవి ఇటు పెట్టింది. గుమస్తా ప్రమాణం చేయించాడు. అంతా నిజమే చెబుతానంది. శ్రీనివాసులు కాగితం సర్దుకుని మొదటి ప్రశ్నకు గొంతు సవరించుకున్నాడు. ఈలోగా గుమస్తా, ఎవరు బోనెక్కినా అడిగే వివరాలే తల ఎత్తకుండా అడిగాడు.

"పేరు?"

"హేమలత."

"భర్త పేరు?"

"జగదీష్."

"వయసు?"

"ముప్పై ఆరు."

"వృత్తి?"

"గృహిణి, రాసుకోండి" అన్నాడు శ్రీనివాసులు, ఆమె తరఫున.

"కాదు" అంది హేమలత. ఈ ప్రశ్నకు ఆమెకు ఎవరూ జవాబు నేర్పలేదు. "మగ్గం నేస్తాను."

గుమస్తా తల ఎత్తాడు. శ్రీనివాసులు "మేడం, సాక్షి కొంచెం కంగారు పడుతోంది" అంటూ ముందుకు వచ్చాడు. జడ్జి చేత్తో అతన్ని ఆపి, కళ్లద్దాల మీదుగా హేమలతను చూసింది.

"ఎక్కడ నేస్తావమ్మా?"

"మా ఇంట్లోనే మేడం. ఆడ ఉండేది ఒకటే మగ్గం. పదిహేనేండ్లుగా దాని గుంతలో నేను తప్ప ఎవరూ కూకోలేదు."