ఎలీసమ్మ నొప్పుల పుస్తకం

నరసన్నపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే పద్మజకు నలభయ్యో ఏట ఒక పిచ్చి పట్టింది. సొంత వెబ్‌సైటు పెట్టాలి, అదీ సొంతింట్లోనే. అందులో ఏం పెట్టాలో వెతుక్కునే పని లేదు. అత్తగారు ఎలీసమ్మ మిషన్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి, పల్లెల నుంచి వచ్చే రోగులు నొప్పిని ఎన్ని రకాలుగా చెబుతారో ఓ లావుపాటి నోటుపుస్తకంలో రాసి పెట్టింది. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు. పైఊళ్ల డాక్టర్లకు అవి అర్థం కావడం లేదని ఆవిడ బాధ.

"సైటు ఏదో ఒక కంపెనీవోళ్లకిచ్చీ వదినా, ఆళ్లే సూసుకుంటారు," అన్నాడు ఎచ్చెర్లలో ఉద్యోగం చేసే మరిది పాల్, ఫోనులో.

"మనిల్లుండగా అద్దెకొంపేటిరా?" అంది పద్మజ.

ఇన్‌స్టిట్యూట్‌లో మూలపడ్డ కంప్యూటర్ని ఇంటికి తెచ్చి, దుమ్ము దులిపి, కుట్టుమిషను పక్కన పెట్టింది. దాన్ని సర్వర్‌గా మార్చడానికి పది రోజులు పట్టింది. "నొప్పిమాట డాట్ ఇన్" అని పేరు కొని, ఆ పేరు కొట్టినవాళ్లను తమ ఇంటి ఇంటర్నెట్ చిరునామాకు పంపేలా కుదిర్చింది. బయటివాళ్లు లోపలికి రావడానికి రౌటర్లో తోవ తీసింది. పాల్‌కి ఫోను చేసింది.

"కొట్టు."

"కొట్టాను... వదినా! వచ్చీసినాది! అమ్మ ఫొటో కూడా!"

ఎలీసమ్మ కంప్యూటరును ఎగాదిగా చూసింది. "ఈ పెట్టెలోంది ఆడి దగ్గిరికెలా ఎల్లిపోనాది?"

పద్మజ చెప్పబోయి, నవ్వు ఆపుకోలేక, అత్తగారి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చాక కంప్యూటరు లేచింది గాని, పాల్‌కి సైటు రాలేదు. రౌటరు ఆగి లేచేసరికి ఇంటికి కొత్త చిరునామా పడింది. పేరేమో ఇంకా పాత గుమ్మం దగ్గరే తలుపు కొడుతోంది. పద్మజకు విసుగు రాలేదు సరికదా, హుషారు రెట్టింపయింది. చిరునామా మారినప్పుడల్లా దానంతటదే పేరును కొత్త చోటికి తిప్పే చిన్న ప్రోగ్రాము రాసింది. పనిచేస్తోందా లేదా అని రౌటరు ప్లగ్గు పీకి పెట్టి, పీకి పెట్టి ఎనిమిదిసార్లు చూసింది. మొదటి ఏడుసార్లూ పాల్ "వచ్చీసినాది!" అని అరిచాడు. ఎనిమిదోసారి మాత్రం గొంతు తగ్గించి, "వదినా, ఆఫీసులో అందరూ నన్నే సూస్తన్నారు," అన్నాడు.

మూడు వారాల తర్వాత సైటుకు ఒక ఉత్తరం వచ్చింది. కొండ కింద ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన మలయాళీ డాక్టరమ్మ వచ్చీరాని తెలుగులో రాసింది:

"ఒక పెద్దావిడ వచ్చి కడుపులో దేవతన్నాది అంది. దేవత ఉన్నాది అనుకుని, ఏ దేవత అని అడిగాను. ఆవిడ తిట్టి వెళ్లిపోయింది. మీ సైటు చూశాను. వాంతి వచ్చేలా ఉందనా! వెనక్కి పిలిపించి మందిచ్చాను. తగ్గింది."

పద్మజ పైకి చదువుతుంటే ఎలీసమ్మ మొదట గంభీరంగా తలూపింది. "ఏ దేవత" దగ్గరికొచ్చేసరికి మంచం మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఇంకోపాలి సదువే."

చదివింది. మళ్లీ చదివింది. నాలుగోసారికి ఎలీసమ్మ కళ్లద్దాలు తుడుచుకుని లేచి కూర్చుంది.

"ఆ డాక్టరమ్మకి బేగి రాసీ. కాలు గుంజుతన్నాది అంటే ఏటో కూడా సెప్పు, పాపం. లేపోతే ఎవరు గుంజుతన్నారని అడిగీగలదు!"