గురువారం దాటని గది

ఒత్తులు ఎక్కడైనా జారితే మన్నించండి. అక్షరాలు నాకు మా ఆయన పోయాక వచ్చాయి. ఒక్కొక్కటే వచ్చాయి, కొన్ని ఇంకా రావాలి. నిదానంగా రాస్తాను. మీరూ నిదానంగా చదివితే ఇద్దరం ఒకచోటే ఉంటాం.

మా ఆడపడుచు కాసులమ్మ వదిన గదిలో గురువారం సాయంత్రం అయిపోవడం లేదు. ఇంట్లో మిగతాచోట్ల ఇవాళ మంగళవారం. వంటింట్లో ఎండ పడుతోంది, ఆమె గదిలో దీపాలు పెట్టే వేళ. గడప మీద నిలబడితే ఒక కాలు వెచ్చగా, ఒక కాలు చల్లగా ఉంటుంది.

వదినకు చూపు లేదు. ఆమెకు పొద్దు గడిచేది రేడియోతోనే. పొలం కబుర్లు వస్తే తెల్లవారినట్టు, సాయంత్రం వార్తలు వస్తే చీకటి పడినట్టు. గురువారం వార్తలకు ముందు, రేడియో పలికే ఆమె ఫోను మూగబోయింది. అప్పటి నుంచీ మంచం అంచున కూర్చునే ఉంది.

"ఇంకా మొదలెట్టలేదేం, సత్యవేణీ?"

"వస్తాయి వదినా. అన్నం తిను."

"ఇప్పుడేగా తిన్నాను! మేపి సంతలో అమ్ముతావా ఏం?"

ఆమెకు ఇప్పుడే. నాకు రోజులు. రోజు గడిచేకొద్దీ ఆమె గదికి వెళ్ళే నడవా పొడుగవుతోంది. ఇవాళ నడవా సగంలోనే అన్నం చల్లారింది. ఇలాగే సాగితే నేను చేరేలోపు చారు పులుస్తుంది, ఆ తర్వాత నా పిలుపు కూడా ఆమెకు చేరదు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. కూర్చుంటే కాళ్ళు నన్ను వదిలేసి నడవాలోకి వెళ్తున్నాయి.

మేడ మీదికి వెళ్తాను. అక్కడ యాస్మిన్, తారకేశ్ అద్దెకుంటారు. వదిన ఫోనులో రేడియో పలికించే యాప్ వాళ్ళు రాసిందే. ఏ వేళకు ఏ కార్యక్రమం, అది ఎక్కడ దొరుకుతుంది అన్న వివరం రేడియో వారి దగ్గర తీసుకుని, చూపు లేనివాళ్ళకు అది పలికి చెబుతుంది. ఊరికే ఇస్తారు. ఎలా చేశారో అదీ ఊరికే చూపిస్తారు. అందుకే వాళ్ళ గదికి గోడలు తీసేశారు. వీధిన పోయేవాళ్ళు తలెత్తి వాళ్ళు రాసేది చదివి తప్పులు దిద్దుతారు. పాల మంగతాయి ఇప్పుడే ఒక వరస సరిచేసి, క్యాను ఎత్తుకుని వెళ్ళింది.

"రేడియో వాళ్ళు వివరం ఇచ్చే తలుపు మూసేశారు పెద్దమ్మా," అంటుంది యాస్మిన్. "తాళం చెవి ఉన్నవాళ్ళకేనట."

"అడిగి తెచ్చుకోండి."

"తెచ్చుకుంటే దాచాలి. గోడలు లేనివాళ్ళం ఎక్కడ దాస్తాం?"

"నడవండి," అంటాను. నా కాళ్ళు అప్పటికే మెట్లు దిగుతున్నాయి.

రేడియో ఆఫీసు నిండా జాడీలు. మూతులకు గుడ్డలు కట్టి ఉన్నాయి. ఒక్కో జాడీలో ఒక్కో కార్యక్రమం ఊరుతోంది. చెవి ఆనిస్తే లోపల ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. అధికారి మర్యాదస్తుడు, లేచి నిలబడతాడు.

"ఇవన్నీ ఎవరివి బాబూ?"

"ప్రజలవమ్మా."

"మరి మేం ఎవరం?"

"ప్రజలే."

"అయితే ఇవ్వండి."

"ప్రజలవి కాబట్టే ప్రజలు ముట్టకూడదు. తడి చెయ్యి తగిలితే బూజు పడుతుంది. మీకు తెలియనిదా?"

నాకు తెలుసు. పచ్చడి జాడీ దగ్గర నేనూ అదే అంటాను. "పొడి గరిటె ఇవ్వండి మరి," అంటాను.

ఆయన సొరుగులోంచి తాళం చెవి తీస్తాడు. చింతగింజంత ఉంది. "ఇదే గరిటె. ఎవరికీ కనబడకూడదు. యజమాని సంతకం కావాలి. మీలో యజమాని ఎవరు?"

"చెయ్యి వేసినవాళ్ళందరూ," అంటాడు తారకేశ్.

"అందరూ పట్టే కాయితం మా దగ్గర లేదు."

"నేను," అంటాను.

సంతకం మొదలుపెడతాను. యవత్తు తిప్పేసరికి అధికారికి గడ్డం పెరిగి బల్ల దిగుతుంది. ఆయన విసుక్కోడు. గడ్డాన్ని పక్కకు తోసి, "ఇంకా రెండక్షరాలే తల్లీ," అంటాడు. తాళం చెవి నోట్లో వేసుకుని మింగేస్తాను. ఇన్నేళ్ళూ మాటలు దాచుకున్న చోటే అది. బోలెడంత చోటుంది.

ఇంటికి వచ్చేసరికి వదిన ఫోను పలుకుతోంది. ఆమె కిటికీలో గురువారం చీకటి పడుతుంది, వెంటనే శుక్రవారం తెల్లవారుతుంది. నడవా చాపలా చుట్టుకుంటోంది. తాళం చెవి నా కడుపులో తిరుగుతోంది, నిలవనివ్వదు.

అప్పుడు మేడ మీద గోడలు మొలవడం వినిపిస్తుంది. ఇటుక మీద ఇటుక.

"ఓ యాస్మినమ్మా!" అని వీధిలోంచి మంగతాయి అరుస్తోంది. "ఇక నేనేం చదవాలి, సున్నమా?"

యాస్మిన్ కిటికీ సందులోంచి చూస్తోంది. ఆ సందు కూడా సన్నబడుతోంది. "పెద్దమ్మా, మాకు ఊపిరాడటం లేదు," అంటుంది.

ఇటు వదిన, అటు మేడ మీది పిల్లలు. గడప మీద అటూ ఇటూ తిరుగుతాను. చివరికి వీధిలోకి వెళ్ళి నోరు తెరుస్తాను. నా గొంతు గాజవుతుంది. కడుపులోంచి పైకి వచ్చిన తాళం చెవి అందరికీ కనబడుతుంది. "చూసుకోండి," అంటాను. చూసినవాళ్ళు చూసినట్టే సబ్బుతో ఒకటి, బెల్లంతో ఒకటి, అరటి దూటతో ఒకటి చెక్కుకుంటారు. మేడ మీద గోడలు పొడిగా రాలిపోతాయి.

అందరికీ కనబడిన తాళం చెవి చెల్లదు కాబోలు, ఫోను మళ్ళీ మూగబోతుంది. వదిన గది శనివారం మధ్యాహ్నం దగ్గర ఆగుతుంది.

వీధి చివర నేల అదురుతుంది. రేడియో ఆఫీసు నడిచి వస్తోంది, కడుపులో జాడీలు గలగలమంటూ. మా గుమ్మం ముందు ఆగి రొప్పుతుంది.

"ఎవరది?" అంటుంది వదిన.

"రేడియో ఆఫీసు వదినా. తాళం చెవి కోసం వచ్చింది."

"పాపం, అంత దూరం నడిచిందా!" వదిన మంచం దిగుతుంది. గోడ పట్టుకోకుండా బయటకు వస్తుంది. ఆఫీసు పొట్ట కింద చెయ్యి పెట్టి తడుముతుంది. "ఎన్నాళ్ళయిందే దీన్ని పిండి? చేపుకొచ్చి ఉంది. తపేలా తే."

చేతులు నీళ్ళలో ముంచి గొంతుక్కూర్చుంటుంది. ఆఫీసు కిటికీలోంచి గడ్డం వేలాడేసి అధికారి, "తడి చేతులు! తడి చేతులు!" అంటున్నాడు.

"పొడి చేత్తో పితికితే తంతుంది నాయనా. నువ్వెప్పుడైనా పితికావా?"

వార్తలు నురగతో తపేలాలో పడుతున్నాయి. వెనక వీధంతా గిన్నెలతో నిలబడి ఉంది. మంగతాయి కూడా క్యాను తెచ్చింది. ఆఫీసు కళ్ళు మూసుకుని మా వీధి చివరి కరెంటు తీగలు నెమరేస్తోంది.

తపేలా నిండాక వదిన నురగలోకి చెయ్యి పెట్టి, అడుగున ఈదుతున్న ఆదివారాన్ని పైకి తీస్తుంది. అరచెయ్యంత ఉంది, ఇంకా కళ్ళు తెరవలేదు. కొంగుతో దాని మొహం తుడిచి, ముక్కులో ఊది, నా ఒళ్ళో పెడుతుంది. అది కాళ్ళు తన్నుకుంటూ నా వేలు పట్టి చప్పరిస్తోంది. దానికి పళ్ళు వస్తున్నాయి.

దామర్ల సత్యవేణి. అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉండేది పేరాలలో, నడవా లేని ఇంట్లో.