కొబ్బరిపొట్టులో టమాటాలు

వెర్నా టాప్‌సెల్ ముప్పై ఎనిమిదేళ్ళు కాన్‌బెర్రాలో చట్టాలకు నిర్వచనాలు రాసే ఉద్యోగం చేసింది. "పడవ అనగా" అని మొదలుపెట్టి, పడవ కానివన్నీ పదకొండు పేజీల్లో తేల్చగల మనిషి. కోడిగుడ్డు మీద ఈకలు పీకినందుకు ప్రభుత్వం అన్నేళ్ళూ జీతమిచ్చి, చివర్లో ఒక గోడగడియారం కూడా ఇచ్చి ఇంటికి పంపింది. అంతటి మనిషికి డెబ్బై ఒకటో ఏట గంజాయి మొక్కలకు ఎరువు కొనాల్సిన పని పడింది.

మొక్కలు రెండు. మనిషికి రెండని కాన్‌బెర్రా చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి రెండే. మూడోది దానంతటది మొలిస్తే తనే పీకి, పీకిన తేదీ రాసి పెట్టుకుంది. గంజాయి వనంలో తులసి మొక్క అంటారే, ఆ పెరట్లో తులసి మొక్క వెర్నాయే. మొక్కలు ఆమె భర్త లిండ్సేవి, నీళ్ళు పోయడం మాత్రమే తన వంతు. ఆ తేడా అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది.

లిండ్సేకి కడుపులో క్యాన్సర్. తిండి వాసన తగిలితే గోడవైపు తిరిగి పడుకుంటాడు. పోయినేటి కాపును వెన్నలో కాచి బిస్కెట్లు చేస్తే, ఒక్క ముక్క తిన్న గంటకు ఆకలని రొట్టె అడిగేవాడు. ఆ బిస్కెట్ల డబ్బా ఖాళీ అయి వారమైంది. ఇప్పుడేమో కుండీల్లో మట్టికి బదులు కొబ్బరిపొట్టు నింపి పెంచుతున్న మొక్కలు కింది ఆకుల నుంచి పసుపెక్కి, తుప్పురంగు మచ్చలు తేలుతున్నాయి. ఇవి పోతే మళ్ళీ కాపు వచ్చే ఏడే. ఆ ఇంట్లో వచ్చే ఏడు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఇలాంటి మొక్కలకు ఎరువులూ మందులూ అమ్మే షాపు సరిహద్దుకు అవతల, క్వీన్‌బియన్‌లో ఉంది. కారులో పది నిమిషాలు. కానీ అది వేరే రాష్ట్రం, వేరే చట్టం. అందుకని ఆ షాపులో మొక్క పేరు ఎవరూ ఎత్తరు. వచ్చినవాళ్ళంతా టమాటాలు పెంచుతున్నవాళ్ళే. పుట్టి బుద్ధెరిగాక కూరగాయ ముక్క నోట పెట్టని వాళ్ళు కూడా అక్కడ టమాటా పూత గురించి గంటలకొద్దీ చర్చిస్తారు.

షాపతను బ్లాగోయ, ఆ ఊళ్ళో స్థిరపడ్డ మాసిడోనియా వాళ్ళబ్బాయి, నలభై ఏళ్ళుంటాయి.

"చెప్పండి పిన్నీ."

"మా ఆయన గంజాయి మొక్కలు కొబ్బరిపొట్టులో..."

బ్లాగోయ రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆ మాట మీరనలేదు, నేను వినలేదు. ఓసారి బయటికెళ్ళి మళ్ళీ రండి."

వెర్నా బయటికెళ్ళి మళ్ళీ వచ్చింది. "చట్టబద్ధంగా పెంచుతున్న గంజాయి..."

"బయటికి పిన్నీ."

మూడోసారి వచ్చి, "ఒక మొక్క ఉంది. దాని పేరు నేను చెప్పను," అంది.

"పేరు చెప్పాలి. టమాటా అని చెప్పాలి."

"అది టమాటా కాదు నాయనా."

"ఈ షాపులో అన్నీ టమాటాలే."

"సరే. ఈ సంభాషణ వరకు, టమాటా అనగా..."

"నిర్వచించారంటే మళ్ళీ బయటికే."

వెనకాల ఫ్యాను పెట్టె మోస్తూ నిలబడ్డ భారీ మనిషికి చేతులు లాగుతున్నాయి. "అనెయ్ బామ్మా. టమాటా అన్నంత మాత్రాన నోరు పడిపోదు. నేను పదేళ్ళ నుంచి అంటున్నా. మా ఆవిడక్కూడా అదే చెప్పా."

వెర్నా జీవితంలో ఒకదాన్ని ఇంకో పేరుతో పిలిచి ఎరగదు. డాక్టరు రిపోర్టు వచ్చిన రోజున కూడా లిండ్సేకి ఉన్నదున్నట్టు, కామాలతో సహా చదివి వినిపించింది. ఆయన గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"టమాటాలు," అంది గొంతు తగ్గించి.

"హమ్మయ్య. కింది ఆకులు పసుపా? మచ్చలా? ఏం వేస్తున్నారు?"

"పెరటి మొక్కలకేసే మామూలు ఎరువే."

"అదీ తప్పు. కొబ్బరిపొట్టు మట్టి కాదు పిన్నీ, ఒట్టి పిసినారిది. కాల్షియం, మెగ్నీషియం ఏదొచ్చినా ముందు తను పట్టేసుకుని, మిగిలితే మొక్కకి విదిలిస్తుంది. ముందు దాని కడుపు నింపాలి." మూడు సీసాలు బల్ల మీద పెట్టాడు. "మొదట ఈ కాల్షియం సీసా. తర్వాత కొబ్బరిపొట్టు కోసమే చేసిన ఈ రెండూ సమానంగా. సీసా మీద రాసినదాంట్లో సగంతో మొదలెట్టండి."

"మరి ఆ పులి బొమ్మ సీసా?"

"అందులో ఉన్నది పులి బొమ్మే. కుర్రాళ్ళు కొంటారు. మీకొద్దు."

"మట్టి కాదన్నావు. మట్టి కాకపోతే, మట్టి లేకుండా ఒట్టి నీళ్ళతో పెంచే నీటిసేద్యం కిందికొస్తుందా? మా వైపు ఈ మొక్కకి నీటిసేద్యం నిషేధం. ఒక ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. కొబ్బరికాయ పండు కాబట్టి పండ్ల విభాగాన్ని అడగమన్నారు."

"టమాటాలకి ఆ నిషేధం లేదు పిన్నీ."

ఒక్క తప్పుడు మాట ఇన్ని తలుపులు తెరుస్తుందని ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరూ వెర్నాకు చెప్పలేదు.

"కోతకెప్పుడొస్తాయి?" అని అడిగింది.

"ఇప్పుడు పట్టించుకుంటే ఈస్టర్‌కి. ఏం, అంత తొందరేంటి?"

"మా ఆయనకి టమాటా పడితేగాని తిండి దిగదు. నలభై తొమ్మిది కిలోలున్నాడు. ఈ టమాటాలు పోతే, ఇంకో కాపు దాకా ఆయన ఉండడు."

ఆ మాట ఆమె చెల్లెలితో అనలేదు, డాక్టరుతో అనలేదు. టమాటాల గురించి కాబట్టి నోరు దాటింది. వెనకాయన ఫ్యాను కింద పెట్టి టోపీ తీశాడు.

బ్లాగోయ లోపలికెళ్ళి, మూతి రెండు మడతలు పెట్టిన కాగితం సంచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మా పెరటివి. టమాటాలు. ఇవాళే పెట్టండి ఆయనకి."

అందులో ఏముందో వెర్నాకు అర్థమైంది. ఈ గడ్డ మీద అది దగ్గరుంచుకోవడం నేరం, ఇవ్వడం ఇంకా పెద్ద నేరం, సరిహద్దు దాటించడం వేరే లెక్క. సెక్షన్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. సంచీ తీసుకుంది. సీటు కింద దాచి నత్తనడకన కారు నడిపింది. సరిహద్దు బోర్డు దగ్గర పోలీసు కారొకటి పక్కన ఆగితే, ఎవరూ అడక్కుండానే అద్దం దించి, "టమాటాలు," అంది.

"మంచిదమ్మా," అన్నాడు పోలీసాయన.

ఇంటికొచ్చి, వంటింటి తలుపు గడియపెట్టి, తెరలు లాగి, సంచీ విప్పింది. నాలుగు టమాటాలున్నాయి. మొట్టికాయలు తిన్న తలల్లా గడ్డలు తేలిన పెద్ద నాటు కాయలు. సంచీ తిరగేసి దులిపింది. ఇంకేం రాలలేదు. అంత నేరమూ చేసి ఉత్త చేతులతో వచ్చానని ఒళ్ళు మండింది. కుర్చీలో కూలబడి ఏడ్చింది. రిపోర్టు వచ్చాక అదే మొదటిసారి.

"ఏం తెచ్చావు?" అని గదిలోంచి లిండ్సే అడిగాడు.

"టమాటాలు."

ఆ షాపు మర్యాద లిండ్సేకి తెలుసు. పరుపు చప్పుడైంది, దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. "నువ్వా? అక్కణ్ణుంచా? నువ్వు?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "తే మరి."

ఇది నిజంగా టమాటాయేనని చెప్పడానికి వెర్నా నోరు తెరిచింది. మూసేసింది. ఒకటి పలచగా చక్రాలు కోసి, ఉప్పు చల్లి పట్టుకెళ్ళింది. లిండ్సే కళ్ళు మూసుకుని, ఎంతో శ్రద్ధగా నమిలాడు. పళ్ళెం ఖాళీ అయింది.

"దాని రుచేమీ తెలీకుండా కలిపేశారే. పనిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంట," అంది వెర్నా.

"సరే, ఈలోగా ఇంకోటి కొయ్యి," అన్నాడు లిండ్సే.